లైసెన్సంటే రశీదు కాదు, కొలత



మీ ఇంట్లో గోడ మేకుకు బండి తాళంచెవి వేలాడుతూ వుంటుంది. పొలం దగ్గర మోటారు ఆగిపోయింది, మెకానిక్కును పిలుచుకొని రమ్మని నాయన ఫోను చేస్తాడు. లేదా చీకటి పడకముందే పక్కవూరి నుంచి చెల్లెలిని తీసుకురావాలి. మీ వూరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మీరు తొమ్మిదో తరగతి. కాళ్ళు నేలకు అందుతున్నాయి. గేర్లు మార్చడం ఎప్పుడో వచ్చేసింది. ఇంకేం, తాళంచెవి తీసుకుంటారు.

"నాకు బండి తోలడం వచ్చు కదా సార్! లైసెన్సు లేకపోతే ఏమవుతుంది?" కర్నూలు, కడప జిల్లాల్లో చాలామంది పిల్లలు నన్ను ఈ ప్రశ్న అడిగారు. ఇది మంచి ప్రశ్న. "పోలీసులు పట్టుకుంటారు" అని పెద్దలు దీనికి జవాబు చెబుతుంటారు. కాని పోలీసు కనిపించని డొంకదారిలో ఆ జవాబు పనిచేయదు. ఏ దారిలోనైనా పనిచేసే జవాబు ఒకటి కావాలి. దాన్ని సైన్సు పాఠంలో వెతుకుదాం రండి.

డబ్బు కడితే లైసెన్సు

1888లో జర్మనీలో కార్ల్ బెంజ్ తాను తయారుచేసిన మోటారు బండిని వీధుల్లో నడపటానికి ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాడు. లైసెన్సుల చరిత్రలో మొదటిదిగా దానినే చెబుతారు. తర్వాత బ్రిటనులో 1903 నాటి చట్టం డ్రైవర్లందరికీ లైసెన్సు తప్పనిసరి చేసింది. అయితే ఒక తమాషా వుంది. పరీక్ష ఏమీ లేదు! రుసుము కట్టినవారికల్లా లైసెన్సు ఇచ్చేవారు. అంటే అది ఒక రశీదు మాత్రమే. బండ్లు పెరిగాయి, వేగం పెరిగింది. 1934లో ఆ దేశపు రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాది, 1935 జూన్ 1 నుంచి, కొత్త డ్రైవర్లకు పరీక్ష తప్పనిసరి అయింది.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం మొదట 1914లో వచ్చింది. తర్వాత 1939లో మరొకటి. ఇప్పుడు అమలులో వున్నది 1988 నాటి చట్టం. అది 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది, 2019లో దానిలో పెద్ద మార్పులు జరిగాయి.

ఈ చట్టం ప్రకారం ముందు లెర్నర్ లైసెన్సు తీసుకోవాలి. దానికోసం కంప్యూటరు ముందు కూర్చొని రోడ్డు గుర్తులు, నియమాల మీద ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. నూటికి అరవై వంతులు సరిగా వుండాలి. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. తెల్లని పలక మీద ఎర్రటి 'ఎల్' అక్షరం పెట్టుకొని కనీసం 30 రోజులు నేర్చుకున్న తర్వాతనే అసలు పరీక్షకు పోవాలి. తప్పితే వారం తర్వాత మళ్ళీ రావచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి.

పరీక్ష మైదానంలో మోటారు సైకిలుతో 'ఎనిమిది' వేయమంటారు. "రోడ్డు మీద ఎనిమిదులు ఎవరు తిరుగుతారు?" అని నవ్వకండి. వేగంగా పోయే బండి తనంతట తాను కొంత నిలదొక్కుకుంటుంది. నెమ్మదిగా మలుపు తిరిగే బండిని మాత్రం నడిపేవారే నిలబెట్టాలి. కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేయగలిగితే చెయ్యి, చూపు, బ్రేకు కలిసి పనిచేస్తున్నట్టు. అంటే ఆ మైదానంలో ఒక మనిషిని కొలుస్తున్నారు. లైసెన్సు ఆ కొలతను రాసిన కాగితం.

ఇరవై అయిదు మీటర్లు, ఒక స్కేలు

ఆ కొలతల్లో రెండింటిని మీరు మీ బడిలోనే చేసి చూడవచ్చు.

మొదటిది చూపు. లైసెన్సుకు దరఖాస్తు చేసేటప్పుడు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపాలి. అందులో ఒక ప్రశ్న వుంటుంది: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు పలకను ఒక్కొక్క కంటితో గుర్తుపట్టగలరా? కళ్ళద్దాలు వాడేవారు పెట్టుకొనే చూడవచ్చు. మీ హెడ్‌మాస్టరుగారి బండిని నీడలో నిలబెట్టించి, టేపుతో 25 మీటర్లు కొలిచి గీత గీయండి. ఒక కన్ను మూసి చదవండి, తర్వాత రెండోది మూసి చదవండి. ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు తడబడతారు. తమకు కళ్ళద్దాలు కావాలని వారికి తెలిసేది ఆ రోజే కావచ్చు.

రెండోది ప్రతిస్పందన. మీ స్నేహితుడు 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకోవాలి. సున్నా గీత దగ్గర మీరు బొటనవేలు, చూపుడువేలు తెరిచి వుంచండి. అతను చెప్పకుండా వదిలేస్తాడు, మీరు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారంటే 0.2 సెకను పట్టిందన్నమాట. స్వేచ్ఛగా పడే వస్తువుల సూత్రంతో లెక్క వేసి చూడండి. ఇప్పుడు ఇదే పనిని ఎవరితోనో మాట్లాడుతూ చేయండి. స్కేలు ఇంకా కిందికి జారిపోతుంది.

రోడ్డు మీద పని ఇంత సులభం కాదు. గొర్రెపిల్ల అడ్డం వచ్చిందని చూడాలి, అది ఎటు పోతుందో ఊహించాలి, కాలు కదిలించి బ్రేకు తొక్కాలి. దీనికంతా సుమారు ఒక సెకను పడుతుందనుకుందాం. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. బ్రేకు పడేలోపే బండి 10 మీటర్లు పోతుంది. మంచి రోడ్డు మీద బ్రేకు వల్ల వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే, ఆగటానికి మరో 10 మీటర్లు కావాలి. మొత్తం 20 మీటర్లు. వేగం రెట్టింపు చేసి 72 కిలోమీటర్లు చేయండి. ఇప్పుడు 20 మీటర్లు ఆలోచనకు, 40 మీటర్లు బ్రేకుకు. మొత్తం 60 మీటర్లు! వేగం రెండింతలయితే ఆగే దూరం మూడింతలయింది.

"బండి తోలడం వచ్చు" అనేవారికి ముందుకు పోవడం వచ్చు. ఎంత దూరంలో ఆగగలరో వారికి తెలుసా? లైసెన్సు పరీక్ష తెలుసుకోవలసింది అదే.

గువ్వలచెరువు ఘాటు చెప్పే పాఠం

ఒక లైసెన్సు వుంటే అన్ని బండ్లూ ఎందుకు నడపకూడదు? దీనికి జవాబు కడప నుంచి రాయచోటికి పోయే దారిలో వుంది. గువ్వలచెరువు ఘాటు మీలో చాలామందికి తెలుసు, అక్కడి పాలకోవా ఇంకా బాగా తెలుసు. బరువుతో నిండిన లారీలు ఆ ఘాటు దిగుతూ వుంటాయి.

ఇరవై అయిదు టన్నుల లారీ 100 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతోనూ, ఎత్తుతోనూ గుణిస్తే స్థితిజ శక్తి వస్తుంది. సుమారు రెండున్నర కోట్ల జౌళ్ళు. వేగం పెరగకూడదంటే ఆ శక్తి ఎక్కడికో పోవాలి కదా! బ్రేకులు పట్టుకుంటే అదంతా వేడి అవుతుంది. ఆ వేడితో 30 డిగ్రీల నీళ్ళు ఎనభై లీటర్లకు పైగా మరిగించవచ్చు. అదే ఎత్తు దిగే మోటారు సైకిలు, మనిషితో కలిపి 200 కిలోలనుకుంటే, దాని వేడి ముప్పాతిక లీటరు నీళ్ళను కూడా మరిగించలేదు.

అంత వేడి బ్రేకులకే పడితే వాటి పట్టు సడలిపోతుంది. అందువల్ల లారీ నడిపేవారు ఘాటు దిగటం మొదలుపెట్టకముందే తక్కువ గేరులో పెట్టాలి, వేగాన్ని ఇంజను చేతనే పట్టి వుంచాలి. ఇది మోటారు సైకిలు మీద నేర్చుకోగలిగే విద్య కాదు.

చట్టంలో రకరకాల లైసెన్సులు వున్నది ఇందుకే. 50 సీసీ మించని, గేర్లు లేని బండికి 16 ఏళ్ళు నిండాలి, తల్లిదండ్రుల రాతపూర్వకమైన అంగీకారం కూడా వుండాలి. గేర్లున్న మోటారు సైకిలుకు, కారుకు, ట్రాక్టరుకు 18 ఏళ్ళు. కారు, ట్రాక్టరు అయితే ఖాళీ బరువు, సరుకుల బండి, బస్సు వంటివయితే నిండుగా వున్నప్పటి మొత్తం బరువు 7,500 కిలోలు మించనిది 'లైట్ మోటారు వెహికల్'. ఆ బరువులోపు బండి కిరాయికి తిరిగేదైనా ఈ లైసెన్సుతో నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంతకు మించిన లారీలు, బస్సులకు 20 ఏళ్ళు నిండాలి. అంతకుముందు కనీసం ఒక ఏడాది లైట్ మోటారు వెహికల్ లైసెన్సు వుండి తీరాలి. పెట్రోలు, గ్యాసు వంటి ప్రమాదకరమైన సరుకులు తీసుకుపోయేవారికి మళ్ళీ ప్రత్యేక శిక్షణ. బరువు, వేగం, ప్రమాదం పెరిగే కొద్దీ కొలత కూడా కఠినమవుతున్నదని గమనించారా?

ఇక్కడ ఒక మాట. పదహారేళ్ళకే లైసెన్సు వస్తుందని కొందరు పిల్లలు ఇంటి బండి తీస్తారు. మన వూళ్ళలో గడ్డిమోపులు, నీళ్ళ క్యాన్లు మోసే మోపెడ్లు ఇప్పుడు వంద సీసీకి దగ్గరగా వుంటున్నాయి. గేర్లు లేని స్కూటర్లు వందకు పైనే. గేర్లు లేనంత మాత్రాన అవి పదహారేళ్ళవారి బండ్లు కావు.

ఒకసారి కొలిస్తే చాలదా?

నా సంగతి చెబుతాను. లైసెన్సు రెన్యువలుకు పోయేముందు నేనూ ఇరవై అయిదు మీటర్ల గీత దగ్గర నిలబడ్డాను. రెండు కళ్ళతో చూస్తే నంబరు చక్కగా కనిపించింది. కుడికన్ను మూసేసరికి ఎనిమిదేదో మూడేదో తెలియలేదు! అంతవరకు నా కుడికన్ను ఎడమకన్ను పని కూడా చేస్తూ వచ్చిందన్నమాట. ఆ కాగితం పని పడకపోతే కళ్ళ డాక్టరు దగ్గరకు పోయేవాడినే కాదు.

మన కంటిలోని కటకం చిన్నతనంలో మెత్తగా వుండి తేలికగా ఆకారం మార్చుకుంటుంది. వయసుతో అది గట్టిపడుతుంది. నలభై దాటినవారు పేపరును దూరంగా పెట్టుకొని చదవటం మీరు చూసే వుంటారు. ఇంకా వయసు పైబడితే కటకం మసకబారి శుక్లం రావచ్చు. ఏళ్ళ తరబడి ఎండలో పనిచేసేవారికి ఆ ప్రమాదం ఎక్కువ. శుక్లం వున్న కంటికి రాత్రి ఎదురుగా వచ్చే దీపం ఒక వెలుగు ముద్దలా కనిపిస్తుంది. దాని పక్కన నడిచే మనిషి కనిపించడు.

అందుకే లైసెన్సుకు గడువు పెట్టారు. 2019 మార్పుల ప్రకారం 30 ఏళ్ళలోపు తీసుకున్న సొంత బండి లైసెన్సు 40 ఏళ్ళు నిండే వరకు చెల్లుతుంది. 30 నుంచి 50 ఏళ్ళ మధ్య తీసుకుంటే పదేళ్ళు. 50, 55 మధ్య అయితే 60 నిండే వరకు. ఆ తర్వాత ప్రతి అయిదేళ్ళకూ రెన్యువలు. లారీలు, బస్సులు నడిపేవారికి అయిదేళ్ళకు ఒకసారి, ప్రమాదకరమైన సరుకులు తీసుకుపోయేవారికి మూడేళ్ళకు ఒకసారి. నలభై దాటినవారు డాక్టరు ధ్రువపత్రం కూడా పెట్టాలి. శరీరం మారే వేగం పెరిగే కొద్దీ గడువు కురచ అవుతోంది, చూశారా?

గడువు తీరటానికి ఏడాది ముందు నుంచే రెన్యువలుకు దరఖాస్తు చేయవచ్చు. గడువు తీరి ఏడాది దాటిపోతే మళ్ళీ పరీక్ష పెడతారు. గడువు తీరిన కార్డుతో మాత్రం ఒక్క రోజు కూడా నడపకూడదు. ఈ రోజే మీ నాయన కార్డో, అమ్మ కార్డో తీసి తేదీ చూడండి. చాలా ఇళ్ళలో ఆ తేదీని చూసేవారే వుండరు.

మైదానంలో కొలవలేనిది

కొలత అంటే అంతా అదే చూసుకుంటుందని అనుకోకండి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద జరిగిన ఘోరం మీకు గుర్తుండే వుంటుంది. ఒక మోటారు సైకిలు డివైడరుకు కొట్టుకొని పడిపోయింది. దానిని నడిపిన యువకుడు చనిపోయాడు. అతను మద్యం తాగి వున్నాడని పోలీసులు తెలిపారు. రోడ్డు మీద పడివున్న ఆ బండి మీదికి హైదరాబాదు నుంచి బెంగుళూరు పోతున్న బస్సు ఎక్కింది. మంటలు లేచాయి. బస్సులోని 19 మంది ప్రయాణికులు కాలిపోయారు.

ఇందాకటి లెక్కను గుర్తు తెచ్చుకోండి. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఆగటానికి 87 మీటర్లకు పైగా కావాలి. డిప్పర్ వేసిన దీపాల వెలుగులో, రోడ్డు మీద పడివున్న నల్లటి వస్తువు యాభై అరవై మీటర్ల లోపుకు వస్తేగాని కనిపించడం కష్టం. కనిపించే దూరం కన్నా ఆగే దూరం ఎక్కువయితే ఎంత నేర్పరికైనా చేయగలిగింది తక్కువ. లైసెన్సు పరీక్ష పగటిపూట, నిద్ర చాలిన మనిషికి, మైదానంలో జరుగుతుంది. రాత్రిని, నిద్రమత్తును, తాగిన మత్తును అది కొలవదు. ఆ కొలత ప్రతి ప్రయాణంలోనూ ఎవరికి వారే తీసుకోవాలి.

నా అభిప్రాయం

ఇప్పుడు నా మాట చెబుతాను. మీరు ఒప్పుకోకపోతే మీ గురువులతో వాదించండి.

'ఎనిమిది' వేయకుండానే మధ్యవర్తికి డబ్బిచ్చి లైసెన్సు తెచ్చుకున్నామని కొందరు గొప్పగా చెప్పుకుంటారు. ఆ కార్డు 1903 నాటి బ్రిటను రశీదుతో సమానం. ఇచ్చినవారిదీ తప్పే, పుచ్చుకున్నవారిదీ తప్పే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఇంతమంది చనిపోతున్న దేశంలో అబద్ధపు కొలత చిన్న తప్పు కాదు.

రెండోది, పిల్లల చేతికి బండి ఇవ్వటం. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికిగాని, బండి యజమానికిగాని మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చని 2019 మార్పులు చెబుతున్నాయి. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. "నేనే బాధ్యత తీసుకుంటాను నాయనా" అని మీరు అనలేరు. శిక్ష ఆయనకు పడుతుంది.

అయితే పిల్లలనే తిట్టి వూరుకోవటం న్యాయం కాదు. ఆళ్ళగడ్డ దగ్గరైనా, ఆదోని దగ్గరైనా, వూరికి బడి అయిదారు కిలోమీటర్లుండి, బస్సు వేళకు రాకపోతే ఆ పిల్లవాడు ఏం చేయాలి? బండి ఎక్కవద్దని చెప్పే పెద్దలు బడివేళకు బస్సు వచ్చేట్టు కూడా చూడాలి. అంతవరకు సైకిలు వుంది. 250 వాట్లకు, గంటకు 25 కిలోమీటర్లకు లోపు వుండే కరెంటు బండికి చట్టం లైసెన్సు అడగదు. దాని మీద కూడా హెల్మెట్టు పెట్టుకోండి. తలకు తగిలే దెబ్బ లైసెన్సు నియమాలు చూడదు.

మూడోది, ఈ కొలతలు పద్దెనిమిదో ఏట రవాణా ఆఫీసులో మొదలుకావటం ఆలస్యమని నా నమ్మకం. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే ప్రతి బడిలో ఏడాదికి ఒకసారి ఇరవై అయిదు మీటర్ల గీత గీయాలి. స్కేలు ప్రయోగం చేయించాలి. ఆగే దూరం లెక్క కట్టించాలి. చలన సమీకరణాలు పుస్తకంలో ఎలాగూ వున్నాయి కదా!

మేకుకు వేలాడే తాళంచెవి దగ్గరకు మళ్ళీ వద్దాం. "నాకు తోలడం వచ్చు" అనే మాట నిజమే కావచ్చు. ఎన్ని మీటర్లలో ఆగగలరు? ఒక్కొక్క కన్ను ఎంత దూరం చూస్తుంది? ఈ రెండు ప్రశ్నలకు మీ నోట్‌బుక్కులో అంకెలు రాయండి. తర్వాత అవే ప్రశ్నలు మీ నాయననూ అడగండి. నాయన కార్డు మీది తేదీ దాటిపోయి వుంటే, మీ పద్దెనిమిదో పుట్టినరోజు వచ్చేదాకా ఆ తాళంచెవి మేకుకు వుండటం ఎంత అవసరమో, అది రెన్యువలయ్యేదాకా ఆయనకూ వుండటం అంతే అవసరం.